తేలని నేరము – మరువని ప్రజ

గూడూరు రెండు దారులు కలియు ఊరు. చెన్నపట్టణము నుండి విజయవాడకు పోవు రైలుదారి యొకటి, రేణిగుంట వైపు మరలు దారి యొకటి ఇచ్చట కలియును. నిమ్మకాయల బస్తాలు ఏ దారిని పోవునో, దేశములోని వార్తలును ఆ దారినే వచ్చుట ఇచ్చటివారికి తరతరముల అలవాటు. రేడియో వచ్చినను, టెలివిజను వచ్చినను, అరచేతిలో ఇముడు ఫోను వచ్చినను జంక్షను ఊరి స్వభావము మారలేదు. వార్త దిగును, ప్లాటుఫారము మీదనే దానిపై తర్కము మొదలగును, బజారు చేరునంతలో తీర్పు కూడ సిద్ధమగును.

ఆ బజారు తీర్పును గూర్చియే నేడు మేము కొంత ముచ్చటింప దలచితిమి. హత్యావార్త విన్నప్పుడు ప్రజలకు కలుగు ఆసక్తి మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. గూడూరుకు ఉత్తరమున, రైలుదారి వెంట సుమారు మూడువందల కిలోమీటర్ల దూరమున జరిగిన ఒక ఘోరమును తెలుగువారు పదునెనిమిది సంవత్సరములకు పైబడియు మరువలేదు.

2007 డిసెంబరు 27వ తేదీ ఉదయమున, విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నములో, ఒక విద్యార్థినుల వసతిగృహమునందు ఫార్మసీ చదువుచున్న బాలిక యొకతె హతురాలై కనబడెను. ఆమెకు ఇరువది యేండ్లు నిండలేదు. శవము కడ ఒక చీటి దొరకెను. తన ప్రేమను తిరస్కరించినందుకు ఈ పని చేసితినని హంతకుడు వ్రాసినట్లుగా ఆ చీటి ఉండెను. అది నిజముగా హంతకుని మనసును తెలుపునదో, లేక దర్యాప్తును దారి తప్పించుటకు పెట్టినదో ఎవ్వరికిని తెలియదు. ఆ బాలిక పేరును మేమిచ్చట చెప్పము. పాఠకులలో పెక్కురకు అది తెలిసియే యుండవచ్చును. చెప్పకుండుటకు కారణమును ముందు విన్నవింతుము.

ఆడపిల్లను చదువుకొరకు పొరుగూరికి పంపిన ప్రతి ఇంటను ఆనాడు దీపము కొండెక్కినట్లైనది. నెల్లూరు సీమనుండియు ఎందరో పిల్లలు విజయవాడ పరిసరములలోని కళాశాలలలో చదువుచుండిరి. వసతిగృహమునకు గోడలున్నవి, వాకిటికి తాళమున్నది, ప్రక్కనే తోడి విద్యార్థినులున్నారు. ఐనను ఇట్లు జరిగెనే యను భయము తల్లులను పట్టుకొనెను. కనుక ఆ కేసుపై కలిగిన ఆసక్తి వట్టి వినోదము కాదు. తమ బిడ్డల క్షేమమును గూర్చిన ప్రశ్నయే దానికి మూలము.

అకాలమరణము పొందిన ఆడుబిడ్డను మరువకుండుట తెలుగువారికి క్రొత్త గాదు. పొలిమేరలయందు, చెరువుకట్టల మీద, వేపచెట్ల నీడలను మన దేశమున పేరంటాండ్ర గుడులు అనేకము కలవు. బ్రతుకు మధ్యలో తెగిపోయిన స్త్రీలకు జనులు కట్టిన గుడులవి. ఏటేట పసుపు కుంకుమలు సమర్పించి, పొంగళ్లు పెట్టి, ఆమె కథను పాటగా పాడుదురు. ఆ కథలలో కరుణ ఉన్నది, భయభక్తులున్నవి. విచారణ మాత్రము లేదు. ఆమె ఉసురు దోషిని వెదకి పట్టుకొనునని పాట చెప్పును. దోషి ఎవ్వరో తేల్చు భారమును ప్రజలు దైవము మీద మోపి నిశ్చింతులైరి.

పత్రికలు వచ్చినపిమ్మట ఈ భారము దైవము నుండి పాఠకుని మీదికి మారెను. గూడూరు మద్రాసు రాజధానిలో భాగమై యున్న దినములలో, 1944 నవంబరులో, ఆ నగరమున లక్ష్మీకాంతన్ అను పత్రికాసంపాదకుడు కత్తిపోట్లకు గురియై మరణించెను. సినీతారల రహస్యములను వ్రాసి అమ్ముకొనుట ఆయన వృత్తి. ఆ హత్యకేసులో సుప్రసిద్ధ నటగాయకుడు త్యాగరాజ భాగవతారును, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ను శిక్షింపబడి చెరసాల పాలైరి. లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ కేసును పునఃపరిశీలింప ఆదేశించుటచే, 1947లో మద్రాసు హైకోర్టు వారిరువురిని నిర్దోషులని విడిచెను. కాని భాగవతారు జీవితము మరల మునుపటి వెలుగును చూడలేదు. న్యాయస్థానము తన మాటను మార్చుకొనగలదు. బజారు తన మాటను మార్చుకొనుట అరుదు.

ఈ కారణముచేతనే మన పూర్వులు ప్రమాణమునకు పెద్దపీట వేసిరి. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెనుగు చేసెను. నెల్లూరి తిక్కనకు తన ‘దశకుమారచరిత్రము’ను అంకితమిచ్చిన కవియే ఈ కేతన. అనగా ధర్మశాస్త్రము తెలుగు మాటలాడుట నేర్చినది తిక్కన కాలముననే. ఆ శాస్త్రసంప్రదాయమున లిఖితము, భుక్తి, సాక్షి యను మూడును మానుష ప్రమాణములు. పదిమంది అనుకొనుట అను నాలుగవ ప్రమాణమును అందు ఎవ్వరును చేర్చలేదు.

ఆంగ్లేయుల కాలమున 1872లో వచ్చిన భారత సాక్ష్యచట్టము మరియొక జాగ్రత్తను తెచ్చెను. పోలీసు అధికారి యెదుట ముద్దాయి నేరము నొప్పుకొన్నను, ఆ ఒప్పుకోలు అతనిపై సాక్ష్యముగా చెల్లదని ఆ చట్టములోని 25వ సెక్షను శాసించెను. ఒప్పించుటకు దెబ్బలు మార్గము కాగూడదను ఎరుకతో చేసిన కట్టుబాటిది. 2024 జూలై 1వ తేదీనుండి ఆ చట్టమునకు బదులుగా భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను, ఈ సూత్రము అట్లే నిలిచియున్నది. ఐనను పోలీసుల యెదుట ఒప్పుకొనెనన్న వార్త పత్రికలో పడగానే, మనము కేసు ముగిసినదని పత్రిక మడచి ప్రక్కన పెట్టుదుము. చట్టము చెల్లదన్న దానిని బజారు చెల్లుబాటు చేయుచున్నది.

ఇబ్రహీంపట్నము కేసులో జరిగినది ఇదియే. నెలలు గడచుచున్నను దోషి దొరకలేదు. సభలు, ఊరేగింపులు జరిగినవి. దోషిని పట్టుకొనవలెనను న్యాయమైన కోరిక క్రమముగా ఎవరినో ఒకరిని చూపవలెనను ఒత్తిడిగా మారెను. 2008 ఆగస్టులో పోలీసులు పేదకుటుంబమునకు చెందిన ఒక యువకుని అరెస్టు చేసి, ఇతడే హంతకుడనియు, నేరము నొప్పుకొనెననియు ప్రకటించిరి. అతడు నరముల వ్యాధిగ్రస్తుడు. ఇట్టివాడు ఆ పని చేయగలడా యని హక్కుల సంఘములవారు ప్రశ్నించిరి. అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. హతురాలి తల్లిదండ్రులే, ఇతడు మా బిడ్డను చంపినవాడు కాడని మొదటినుండియు చెప్పుచు వచ్చిరి.

పాఠకులు ఈ మాటపై ఒక్క నిమిషము నిలువవలెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కడకు దోషి యని ఒకనిని తెచ్చి నిలిపిరి. అతనిని నమ్మినచో ఆమె దుఃఖమునకు ఒక దరి దొరకును. పదిమందియు ఇక శాంతింపుమని చెప్పుదురు. ఆమె నమ్మలేదు. తనకు కావలసినది ఎవరికో ఒకరికి శిక్ష కాదు, సత్యమని నిలిచెను. ప్రజల ఆసక్తికి ఒరవడి కావలెనన్న, ఈ తల్లి పట్టుదలకు మించినది మాకు కనబడలేదు.

2010 సెప్టెంబరులో విజయవాడలోని మహిళా ప్రత్యేక న్యాయస్థానము ఆ యువకునికి పదునాలుగేండ్ల కఠినశిక్ష విధించెను. పెక్కుమంది దృష్టిలో కథ అంతటితో ముగిసెను. కాని 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతడు నిర్దోషి యని తీర్పు చెప్పెను. అతనికి లక్షరూపాయలు చెల్లింపవలెనని ఆజ్ఞాపించి, దర్యాప్తు జరిపినవారి తీరును తప్పుపట్టెను. అప్పటికి అతడు ఎనిమిదిన్నర సంవత్సరములకు పైగా చెరలో గడపెను. లక్షరూపాయలను ఆ కాలముతో భాగించి చూచినచో, దినమునకు ముప్పదిరెండు రూపాయలు మాత్రమే వచ్చును. ఒక చావు స్థానమున రెండు జీవితములు చెడినవి; హంతకుడు మాత్రము దొరకలేదు.

ఇట్టి తప్పు మన దేశమునకే పరిమితము గాదు. అమెరికాలోని అట్లాంటా నగరమున 1913 ఏప్రిలులో, పెన్సిళ్ల కర్మాగారమున పనిచేయు మేరీ ఫేగన్ అను పదుమూడేండ్ల బాలిక హత్య చేయబడెను. అచ్చటను శవము చెంత చీటీలు దొరకుట చిత్రమైన పోలిక. ఆ కర్మాగారపు పర్యవేక్షకుడైన లియో ఫ్రాంక్ అను యూదుని దోషిగా నిలిపిరి. విచారణ జరుగుచుండగా కోర్టు వెలుపల జనులు గుంపులై కేకలు వేయుచుండిరి. పత్రికలు ఆ మంటకు గాలి విసరినవి. మరణశిక్ష పడెను. రాష్ట్ర గవర్నరు జాన్ స్లేటన్ కేసు కాగితములను స్వయముగా చదివి, సందేహము తీరక, 1915లో ఆ శిక్షను యావజ్జీవముగా మార్చెను. ఆ తరువాత రెండు నెలలకే కొందరు చెరసాలనుండి ఫ్రాంకును ఎత్తుకొనిపోయి చెట్టునకు ఉరితీసిరి.

నాడు ఆ కర్మాగారములో ఆఫీసు కుర్రవాడుగానున్న అలొంజో మాన్ 1982లో, తన వార్ధక్యమున, నోరు విప్పెను. బాలిక శరీరమును మోసికొనిపోవుచుండగా తాను చూచినది ఫ్రాంకును కాదనియు, వేరొక పనివాననియు, బెదరింపునకు భయపడి ఊరకుంటిననియు చెప్పెను. 1986లో జార్జియా రాష్ట్రము ఫ్రాంకునకు మరణానంతర క్షమాపణ ప్రసాదించెను. దోషియా, నిర్దోషియా యను ప్రశ్నను తేల్చకయే, ప్రభుత్వము అతనిని కాపాడజాలకపోయెనని మాత్రము అందు అంగీకరించిరి. వీధిలో వేలమంది అరచుచున్నపుడు, సత్యము నెరిగిన ఒక బాలుడు అరువదితొమ్మిదేండ్లు మౌనముగా నుండెను. గోల ఎక్కువైనచోట సాక్షి నోరు మూతపడునని ఈ చరిత్ర బోధించుచున్నది.

అట్లని ప్రజలు మిన్నకుండుట మేలని మేము చెప్పబోము. ఇంగ్లండులోని లెస్టరు ప్రాంతమున 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇరువురు పదునైదేండ్ల బాలికలు హతులైరి. పదునేడేండ్ల కుర్రవాడొకడు పోలీసుల యెదుట రెండవ హత్యను తానే చేసినట్లు ఒప్పుకొనెను. ఐనను పోలీసులు అంతటితో ఆగక, లెస్టరు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీసును ఆశ్రయించిరి. మనిషికి మనిషికి భేదము చూపు డి.ఎన్.ఏ. గురుతును ఆయన 1984లో కనుగొనియుండెను. పరీక్షింపగా రెండు హత్యలును ఒకని పనియే యనియు, ఒప్పుకొన్న కుర్రవాడు దోషి కాడనియు తేలెను. అనగా ఈ విద్య హత్యానేరమున మొట్టమొదట చేసిన పని దోషిని పట్టుట కాదు, నిర్దోషిని విడిపించుట.

అటుపిమ్మట ఆ చుట్టుపట్టులనున్న అయిదువేలకు పైగా పురుషులు పరీక్షకై ముందునకు వచ్చిరి. దోషియైన కొలిన్ పిచ్‌ఫోర్క్ తనకు బదులుగా తోటి పనివానిని పంపి తప్పించుకొనెను. కాని ఆ పనివాడు 1987లో ఒక మద్యశాలలో మాటవరుసకు ఈ సంగతి చెప్పగా, విన్నవారిలో ఒక స్త్రీ పోలీసులకు తెలిపెను. దానితో గుట్టు రట్టై, 1988లో అతనికి యావజ్జీవశిక్ష పడెను. ఆమె దోషి వీడే యని వీధిలో చాటలేదు. తాను విన్నది విన్నట్లుగా చెప్పవలసినచోట చెప్పెను. అట్లాంటా ప్రజలకును లెస్టరు ప్రజలకును ఆసక్తి సమానమే. ఒకచోట అది శిక్షకై తొందరపడెను. ఒకచోట సాక్ష్యమై నిలిచెను. భేదమంతయు అందే యున్నది.

డి.ఎన్.ఏ. విద్యను మన దేశమున నెలకొల్పిన లాల్జీ సింగ్ హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున పనిచేసినవారే. కనుక శాస్త్రము మనకు దూరమున లేదు. కాని శాస్త్రమునకు పరీక్షింప వస్తువు కావలెను గదా! ఇచ్చటనే ఇబ్రహీంపట్నము కేసు కథ మరింత విషాదకరమైన మలుపు తిరిగెను. నిర్దోషి విడుదలైన పిదప హైకోర్టు ఆదేశముతో 2018లో క్రొత్త దర్యాప్తు మొదలయ్యెను. అప్పుడు విజయవాడ న్యాయస్థానమున భద్రముగా నుండవలసిన ఆధారవస్తువులు ధ్వంసము చేయబడినవని బయటపడెను. ఆ సంవత్సరము నవంబరులో హైకోర్టు కేసును సి.బి.ఐ.కి అప్పగించి, ఆధారముల నాశనమును గూర్చి కూడ విచారింప ఆదేశించెను.

పది సంవత్సరములు ప్రజలు ఆ కేసును గూర్చి మాటలాడిరి. ఎవరు చేసిరి, ఎవరు చేయించిరి, ఎవరిని కాపాడుచున్నారు అని వేల పర్యాయములు తర్కించిరి. పలుకుబడి కలవారి పేర్లు నోటినోట తిరిగినవి; వానిలో ఏ ఒక్కటియు న్యాయస్థానమున రుజువు కాలేదు. కాని ఆ వస్తువులు ఎచ్చట నున్నవి, వానికి కాపలా ఎవరు అను ప్రశ్నను ఎందరు అడిగిరి? కథ మీద చూపిన శ్రద్ధలో పదియవ వంతు ఆధారము మీద చూపియుండినచో, నేడు పరీక్షకు ఏదో కొంత మిగిలియుండెడిది.

మిగిలినది సమాధి యొక్కటియే. 2019 డిసెంబరు 14వ తేదీన, తెనాలిలో, పండ్రెండేండ్ల క్రిందట ఖననము చేసిన ఆ బాలిక అవశేషములను అధికారులు వెలికితీసి మరల పరీక్షించిరి. దానికి ముందుదినమననే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించియుండెను. అత్యాచార నేరములలో తిరుగులేని ఆధారమున్నచో ఏడు దినములలో దర్యాప్తు, పదునాలుగు పనిదినములలో విచారణ ముగియవలెనని ఆ బిల్లు ఉద్దేశము. ఇరువదియొక్క దినములలో న్యాయము జరుగవలెనని సభ తీర్మానించిన మరునాడే, పండ్రెండేండ్ల ఆలస్యము మట్టిలోనుండి పైకి వచ్చెను. తొందరయు ఆలస్యమును ఒకదానికొకటి విరుగుడు కావనియు, తొందరపాటే ఈ ఆలస్యమునకు కారణమైనదనియు ఆ రెండు దినములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి బోధపడును. 2008లో ఎవరో ఒకరిని చూపి ముగింపక, ఓపికతో వెదకియుండినచో, 2019లో సమాధిని త్రవ్వు అవసరము వచ్చియుండదు.

ఇక ఆ పేరు మాట. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును ప్రకటింపరాదని 1983లో భారత శిక్షాస్మృతిలో 228-ఏ సెక్షను చేర్పబడెను. మరణించినవారి విషయమునను ఈ మర్యాద పాటింపవలెనని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో చెప్పెను. చచ్చినవారికిని గౌరవము కలదని ఆ తీర్పు సారాంశము. ఆ పేరు చెప్పనంత మాత్రమున కేసు మరుగున పడదు. మనము జ్ఞాపకముంచుకొనవలసినది బాలిక రూపమును, ఆమె పడిన బాధ వివరములను కాదు. ఆమెకు రావలసియున్న జవాబును. నేటివరకు ఆ జవాబు రాలేదు. ఐనను మన చట్టమున హత్యానేర విచారణకు కాలపరిమితి లేదు. ముప్పదియేండ్లకు సాక్ష్యము దొరకినను న్యాయస్థానము తలుపు తెరచియే యుండును.

కనుక ప్రజల ఆసక్తి చెడ్డది కాదు. అది లేకున్నచో ఈ కేసు 2010లోనే మూతపడి, నిర్దోషి తన శిక్ష పూర్తియగువరకు చెరలో నుండెడివాడు. ఆ యువకుని పక్షమున వాదించిన న్యాయవాదులు, ప్రశ్నించిన హక్కుల సంఘములవారు, మరువని పత్రికలవారు, అందరికన్న మిన్నగా ఆ తల్లిదండ్రులు ఆసక్తిని ఓపికగా మార్చుకొన్నవారు. వారివలననే ఒక తప్పైనను దిద్దబడెను.

రేడియో ముందు కూర్చుండి వార్తలు వినునప్పుడు, ఇట్టి ఘోరము మరల చెవిని పడినచో, మన ఇండ్లలో రెండు ప్రశ్నలు అలవాటు కావలెనని మా విన్నపము. ఒకనిని పట్టుకొనిరని వినగానే, దానికి ప్రమాణమేమి యని మొదట అడుగుదము. కేసు ముగిసినదని వినగానే, ఆధారములు భద్రముగా నున్నవా యని తరువాత అడుగుదము. మొదటి ప్రశ్న నిర్దోషిని కాపాడును. రెండవది దోషిని తప్పించుకొననీయదు. ఈ రెంటిని అడుగుటకు చట్టము చదివియుండనక్కరలేదు. గూడూరు ప్లాటుఫారము మీద రైలుకై వేచియున్నవారును అడుగవచ్చును.